ఒకే డబ్బాలో వేసిన మంచి వస్తువులు ఎక్కడ పోతున్నాయి? మా నగరపు సింగిల్ స్ట్రీమ్ రీసైక్లింగ్ సేవపై సమీక్ష

డల్లాస్‌కు ఉత్తరాన ఉన్న ఒక శివారు నగరంలో మేము ఎనిమిదేళ్లుగా ఉంటున్నాము. నీళ్ల బిల్లుతో పాటే నెలనెలా రుసుము కట్టి మేము వాడుకుంటున్న సేవల్లో రీసైక్లింగ్ ఒకటి. కాగితం, అట్టపెట్టె, పాల క్యాను, అల్యూమినియం డబ్బా, గాజు సీసా అన్న తేడా లేకుండా అన్నిటినీ ఒకే పెద్ద నీలం చక్రాల డబ్బాలో వేసి వీధి అంచున పెడితే, రెండు వారాలకొకసారి లారీ వచ్చి తీసుకుపోతుంది. దీనినే సింగిల్ స్ట్రీమ్ అంటారు. సేవను అందించే సంస్థ పేరును, నగరం పేరును రాయడం లేదు. నేను చెప్పబోయే లోపాల్లో ఎక్కువ భాగం ఆ సంస్థ ఒక్కదానివి కావు, ఈ పద్ధతిని అమలు చేసే ప్రతిచోటా కనిపించేవే. అమెరికాలోని తెలుగు కుటుంబాల్లో చాలామంది ఇటువంటి సేవనే వాడుతున్నారు కనుక, నేను గమనించినవి వారికి కూడా పనికివస్తాయని అనుకుంటున్నాను.

సేకరణ విషయంలో నాకు ఫిర్యాదు లేదు. డబ్బా 96 గ్యాలన్లది, అంటే సుమారు 360 లీటర్లు పడుతుంది. నలుగురున్న ఇంటికి రెండు వారాలకు చాలు. లారీ పక్కనుండే ఇనుప చెయ్యి డబ్బాను పట్టి ఎత్తి బోర్లించి మళ్లీ అక్కడే పెడుతుంది, డ్రైవరు కిందికి దిగవలసిన అవసరం రాదు. పూర్వం కాగితాలకొకటి, సీసాలకొకటి చొప్పున చిన్న తొట్లు ఉండేవి. కార్మికులు వంగి వాటిని చేతులతో ఎత్తేవారు కనుక నడుము నొప్పులు, గాయాలు ఎక్కువగా ఉండేవి, ఖర్చు కూడా ఎక్కువయ్యేది. 1990ల్లో కాలిఫోర్నియాలో మొదలైన ఒకే డబ్బా పద్ధతి దేశమంతటా పాకడానికి కారణం ఇదే. జనానికి శ్రమ తగ్గడంతో ఎక్కువ ఇళ్లవారు పాల్గొన్నారు. ఈ మేలును నేను తక్కువ చేయను. వాన పడినా, పండగ వచ్చినా లారీ చెప్పిన రోజున వచ్చింది; రానప్పుడు ఫోను చేస్తే మరునాడు వచ్చింది.

నా అసంతృప్తి ఆ తరువాతి దశ గురించి. ప్రతి ఏడాది బిల్లుతో పాటు ఒక కరపత్రం వస్తుంది. మనం పంపిన దానిలో ఇంత శాతం రెసిడ్యూగా మిగిలి ల్యాండ్‌ఫిల్‌కు, అంటే చెత్తను పూడ్చే చోటికి పోయిందని, దయచేసి పనికిరానివి డబ్బాలో వేయవద్దని అందులో ఉంటుంది. రెసిడ్యూ అంటే వేరుచేసే కేంద్రంలో అన్ని యంత్రాలూ దాటిపోయి, అమ్మకానికి నొక్కి కట్టే మూటలైన ఏ బేలులోనూ చేరకుండా చివరి బెల్టు మీద మిగిలిన చెత్త. ఆ ఒక్క అంకెను చదివినవారు అదంతా తమ తప్పేనని, తమ వీధిలో ఎవరో డైపర్లు, తోట పైపులు వేసినందువల్లనే ఇంత నష్టమని అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కిందటి శరదృతువులో ఆ కేంద్రంవారు నివాసులను లోపలికి రానిచ్చిన రోజున పిల్లలతో వెళ్లి, పైనున్న గాజు గదిలోంచి గంటసేపు చూసిన తరువాత నా అభిప్రాయం మారింది. ఆ రెసిడ్యూలో రాకూడనివి ఎంత ఉన్నాయో, రావలసినవే వచ్చి దారి తప్పి పోయినవి ఎంత ఉన్నాయో కరపత్రం చెప్పదు. ఈ రెండూ వేర్వేరు నష్టాలు. మొదటిదానికి మనం బాధ్యులం. రెండవదానికి ఎక్కువగా డబ్బా, లారీ, యంత్రం బాధ్యులు.

ఇటువంటి కేంద్రాలను ఇక్కడ మర్ఫ్ అంటారు. లారీలు తెచ్చిన సరుకును నేల మీద గుట్టగా పోస్తారు. లోడరు దానిని ఎత్తి బెల్టు మీద వేస్తుంది. బెల్టుకు ఇరువైపులా నిలబడ్డ కార్మికులు యంత్రాలకు ప్రమాదమైనవాటిని, అంటే గొలుసులు, పైపులు, చెక్క ముక్కలు, ప్లాస్టిక్ కవర్లను చేతులతో ఏరి కిందనున్న గొట్టంలో పడేస్తారు. అక్కడ నన్ను కలచివేసిన దృశ్యం ఒకటి ఉంది. మూతి కట్టిన కిరాణా కవర్లు ఒకదాని వెనుక ఒకటి వస్తుంటే, వాటిని విప్పకుండానే నేరుగా చెత్త గొట్టంలో వేస్తున్నారు. మాకు వివరించడానికి వచ్చిన ఉద్యోగిని అడిగితే, లోపల సూదులున్నాయో, కుళ్లిన ఆహారం ఉందో తెలియదు కనుక విప్పకూడదన్నది నియమమని, బెల్టు వేగానికి విప్పే వ్యవధి కూడా ఉండదని ఆయన చెప్పారు. ఆ మాట న్యాయమైనదే. కానీ మా అమ్మ తెనాలి నుంచి వచ్చి మా దగ్గర ఉన్న ఆరు నెలలూ కడిగి ఆరబెట్టిన పెరుగు డబ్బాలను, మడిచిన కాగితాలను ఎంతో పొందికగా కవర్లో పెట్టి మూతి కట్టి నీలం డబ్బాలో వేసేది. పాత పేపర్లు కొనేవాడికి తాడుతో కట్టి ఇవ్వడం అలవాటైన చెయ్యి అది. ఆమె శుభ్రం చేసిన ప్రతి వస్తువూ ల్యాండ్‌ఫిల్‌కే పోయి ఉంటుంది. కరపత్రంలో కవర్లు వేయవద్దని రాస్తున్నారే తప్ప, కవర్లో కట్టి వేస్తే లోపలున్న మంచి సరుకంతా పోతుందన్న వాక్యం ఎక్కడా లేదు. ఆ ఒక్క వాక్యం ఉంటే మేము ఆమెకు మొదటి వారంలోనే చెప్పేవాళ్లం.

కవర్లు లోపలికి పోతే జరిగే నష్టం మరొకటి. అట్టపెట్టెలను, కాగితాన్ని వేరుచేసే జల్లెడలు నిజానికి వరుసగా తిరిగే ఇరుసులు. వాటి మీద పళ్లచక్రాల వంటి డిస్కులు ఉంటాయి. పెద్ద అట్టలు డిస్కుల మీదుగా తేలిపోతాయి, చిన్నవి, బరువైనవి సందుల్లోంచి కిందికి జారిపోతాయి. పలుచని ప్లాస్టిక్ ఆ ఇరుసులకు చుట్టుకుంటే సందులు మూసుకుపోయి, కిందికి జారవలసిన సీసాలు కూడా కాగితంతో కలిసి పోతాయి. పని ఆపి, మనుషులు ఆ జల్లెడలోకి ఎక్కి కత్తులతో కోసి తీయవలసి వస్తుంది. మన ఇళ్లలో ఈ విషయంలో ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసినది సోనా మసూరి బియ్యపు సంచి. అది నేసిన పాలీప్రొపిలీన్ సంచి. చిరిగితే పోగులు పోగులుగా విడిపోయి ఇరుసుకు తాడులా బిగుసుకుంటుంది. దాని మీద రీసైకిల్ గుర్తు ఉన్నా సరే, ఈ డబ్బాలో వేయదగినది కాదు.

గాజు గురించి కొంచెం ఎక్కువగా రాయాలి, ఎందుకంటే ఈ పద్ధతిలో అన్నిటికన్నా ఎక్కువగా నష్టపోతున్నది అదే. మన చేతిలోంచి డబ్బాలో పడేటప్పుడు సీసా పగలకుండానే ఉంటుంది. లారీలో పడ్డప్పుడు కొన్ని పగులుతాయి, లారీ లోపలి యంత్రం సరుకును నొక్కినప్పుడు మరికొన్ని, నేల మీద పోసినప్పుడు ఇంకొన్ని. మిగిలినవాటిని కేంద్రంలో కావాలనే పగలగొడతారు, పెంకులు జల్లెడలోంచి కిందికి రాలడానికి. గాజుతో పాటు అదే సందుల్లోంచి సీసా మూతలు, కాగితపు తునకలు, రాళ్లు, అన్నం మెతుకులు, బ్యాటరీలు, పెన్ను ముక్కలు అన్నీ రాలుతాయి. ఆ కుప్పను చూస్తే గాజు అని చెప్పడం కష్టం. ఇల్లు ఊడ్చి పోగుచేసిన కసవులా ఉంటుంది. దానిని మళ్లీ గాజు శుద్ధి చేసేవారికి పంపాలంటే రవాణా ఖర్చు పెట్టాలి, వారు తీసుకోవడానికి తగినంత శుభ్రంగా ఉండాలి. పింగాణీ ముక్క ఒకటి అందులో కలిసినా అది గాజు కొలిమిలో కరగదు, తయారయ్యే సీసా గోడలో గట్టి పలుకుగా నిలిచిపోయి ఆ సీసాను బలహీనం చేస్తుంది. అందుకే పగిలిన టీ కప్పును గాజుతో కలిపి వేయడం, మంచి పని చేస్తున్నామనుకుంటూ చెరుపు చేయడమే అవుతుంది.

కంటైనర్ రీసైక్లింగ్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ 2009లో వెలువరించిన నివేదిక ప్రకారం, సింగిల్ స్ట్రీమ్‌లో సేకరించిన గాజులో సగటున 40 శాతం మాత్రమే మళ్లీ సీసాలుగానో ఫైబర్‌గ్లాస్‌గానో మారుతోంది. మరో 40 శాతం ల్యాండ్‌ఫిల్‌కు పోతోంది, 20 శాతం చిన్న పెంకుల పొడిగా మారి తక్కువ విలువున్న పనులకు పోతోంది. అదే గాజును కాగితంతో కలపకుండా సేకరించిన చోట 90 శాతం, కొనేటప్పుడు సీసాకు డిపాజిట్ కట్టి, ఖాళీ సీసా ఇచ్చి ఆ డబ్బు వెనక్కి తీసుకునే పద్ధతి ఉన్న చోట 98 శాతం మళ్లీ పనికివచ్చిందని అదే నివేదిక చెప్పింది. నివేదిక పాతదే, అప్పటి నుంచి యంత్రాలు మెరుగుపడ్డాయి. అయినా పగిలిన గాజును చెత్తలోంచి ఏరవలసిన అవస్థ మారలేదు. ల్యాండ్‌ఫిల్‌లో చెత్త మీద పొరగా కప్పిన గాజు పొడిని కూడా కొన్ని చోట్ల రీసైకిల్ చేసినట్టుగా లెక్కలో రాసుకుంటారు. గాజు బరువైనది కనుక ఆ ఒక్క నిర్ణయంతోనే రెసిడ్యూ శాతం అందంగా తగ్గిపోతుంది. మా నగరం ఏ లెక్క పాటిస్తోందో కరపత్రంలో లేదు.

దీనికి పరిష్కారం లేదని అనలేము. కాన్సాస్ సిటీలో 2009లో మొదలైన రిపుల్ గ్లాస్ సంస్థ దుకాణాల పార్కింగ్ స్థలాల్లో పెద్ద ఊదారంగు తొట్లు పెట్టి, గాజును మాత్రమే సేకరించి, ఫైబర్‌గ్లాస్ తయారీకి పంపుతోంది. వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ 2019లో గాజును వీధి డబ్బా నుంచి తీసివేసి, అక్కడ కూడా ఊదారంగు తొట్లే పెట్టింది. డిపాజిట్ చట్టాన్ని అందరికన్నా ముందు 1971లో ఓరెగన్ చేసింది. ఇప్పుడు అటువంటి చట్టం 10 రాష్ట్రాల్లో ఉంది. టెక్సాస్‌లో లేదు. అందువల్ల ఆవకాయ తిని ఖాళీ చేసిన సీసాను ఏం చేయాలన్న ప్రశ్నకు మా నగరంలో నీలం డబ్బా తప్ప వేరే జవాబు లేదు.

మిగతా వస్తువుల సంగతి ఇంత దారుణంగా లేదు. ఉక్కు డబ్బాలను అయస్కాంతం పైకి లాగేస్తుంది. అల్యూమినియం డబ్బాలను పట్టే యంత్రాన్ని పిల్లలు కదలకుండా చూశారు: వేగంగా తిరిగే అయస్కాంతాల డ్రమ్ము ఆ లోహంలో విద్యుత్తు పుట్టించడంతో డబ్బా దానంతటదే బెల్టు చివర నుంచి ముందుకు ఎగిరి వేరే తొట్టిలో పడుతుంది. ఖనిజం నుంచి కొత్తగా తీయడంతో పోలిస్తే అల్యూమినియాన్ని కరిగించి మళ్లీ వాడితే సుమారు 95 శాతం విద్యుత్తు, ఇంధనం ఆదా అవుతాయి కనుక, ఒక్క డబ్బా తప్పిపోయినా అది నిజమైన నష్టమే. అలా తప్పిపోవడానికి మనం చేసే పొరపాటు ఒకటుంది. చోటు కలిసి వస్తుందని డబ్బాను కాలితో తొక్కి పలుచగా చేస్తాము. జల్లెడలు వస్తువు ఆకారాన్ని బట్టి వేరుచేస్తాయి: పలుచగా ఉన్నది కాగితం, గుండ్రంగా ఉన్నది సీసా. తొక్కిన డబ్బా కాగితంతో కలిసి కాగితపు బేలులోకి పోతుంది. లారీలో సరుకును మరీ గట్టిగా నొక్కినా ఇదే జరుగుతుంది, కాబట్టి ఈ నష్టంలో సంస్థకూ వాటా ఉంది.

ప్లాస్టిక్‌లో నల్ల డబ్బాల గురించి మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. ప్లాస్టిక్ రకాలను గుర్తించే యంత్రం ఒక్కో వస్తువు మీద కంటికి కనిపించని పరారుణ కాంతిని వేసి, తిరిగి వచ్చిన కాంతిని బట్టి ఇది పాల క్యాను, ఇది నీళ్ల సీసా అని తేల్చి, గాలి ఊది పక్కకు నెడుతుంది. నలుపు కోసం ప్లాస్టిక్‌లో కలిపే కార్బన్ పొడి ఆ కాంతిని మింగేస్తుంది. తిరిగి వచ్చేది ఏమీ ఉండదు కనుక యంత్రం దృష్టిలో ఆ డబ్బా లేనట్టే. బిర్యానీ, కూరలు పార్సిల్ ఇచ్చే నల్ల డబ్బాలు ఎంత కడిగి వేసినా, ఆ కాంతి మీద ఆధారపడ్డ చోట అవి రెసిడ్యూ బెల్టు మీదికే చేరతాయి. ఈ సంగతి తెలిసిన తరువాత మేము ఆ డబ్బాలను ఇంట్లో పప్పులు పోసుకోవడానికి వాడుతున్నాము, మిగిలినవి చెత్తలోనే వేస్తున్నాము. అడుగున 5 అంకె ఉన్న తెల్ల పెరుగు డబ్బాలను మాత్రం మా కేంద్రం ఏరుకుంటోంది.

ఇక లెక్క సంగతి. సమీక్షగా నేను చెప్పదలచినదాని సారం ఇక్కడే ఉంది. రెసిడ్యూ శాతం తక్కువైతే కేంద్రం బాగా పనిచేస్తున్నట్టని కరపత్రం చదివేవారు అనుకోవడం సహజం. కానీ బెల్టును వేగంగా నడిపి, అనుమానం వచ్చిన ప్రతిదాన్నీ బేలులోకి పోనిస్తే రెసిడ్యూ తగ్గిపోతుంది. అప్పుడు కాగితపు బేలులో గాజు పొడి, ప్లాస్టిక్ సీసాలు, తొక్కిన డబ్బాలు అన్నీ ఉంటాయి. కాగితపు మిల్లులో దానిని నీళ్లలో నానబెట్టి గుజ్జు చేసినప్పుడు అవన్నీ వేరుపడి, ఆ మిల్లు చెత్తగా పోతాయి. అది మా నగరపు లెక్కలో ఎక్కడా కనిపించదు. చాలా ఏళ్లు అమెరికా బేళ్లు ఓడలెక్కి చైనాకు పోవడం వల్ల ఈ చెత్త ఎవరి కంటా పడలేదు. 2017 జులైలో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థకు నోటీసు ఇచ్చి, 2018 జనవరి నుంచి 24 రకాల వ్యర్థాలను నిషేధించి, మార్చి నుంచి మిగిలినవాటిలో మలినం 0.5 శాతం మించకూడదని షరతు పెట్టినప్పుడు ఇక్కడి కేంద్రాలు ఒక్కసారిగా ఇబ్బందిలో పడ్డాయి. బెల్టుల వేగం తగ్గించి, ఏరేవారిని పెంచి, అనుమానమున్న దాన్ని బయటికి తీసేయడం మొదలుపెట్టాయి. అటువంటప్పుడు రెసిడ్యూ పెరగడం పని నాణ్యత పెరిగినందుకు గుర్తు. అంటే బేళ్ల నాణ్యత ఎంతో చెప్పకుండా రెసిడ్యూ శాతం ఒక్కటే అచ్చువేస్తే దానికి అర్థం ఉండదు. మాకు ఎనిమిదేళ్లుగా అందుతున్నది అర్థంలేని ఆ అంకె ఒక్కటే.

న్యాయంగా మరొక మాట కూడా చెప్పాలి. ద రీసైక్లింగ్ పార్ట్‌నర్‌షిప్ అనే సంస్థ 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం, అమెరికా ఇళ్లలో పుట్టే రీసైకిల్‌కు తగిన వస్తువుల్లో 21 శాతమే రీసైకిల్ అవుతున్నాయి. 76 శాతం ఇళ్లలోనే మామూలు చెత్తలో కలిసిపోతున్నాయి. వేరుచేసే కేంద్రాల్లో పోతున్నది 3 శాతం. ఈ మూడు అంకెలు చూసి కేంద్రాల నష్టం లెక్కలోకి రానిదని కొందరు వాదిస్తారు. నాకు అలా తోచలేదు. కేంద్రం వరకు చేరిందే ఆ మొత్తంలో 24 పాళ్లు. అందులో 3 పాళ్లు పోతే, చేరిన ప్రతి 8 వస్తువుల్లో ఒకటి పోయినట్టు. పైగా అది ఎవరో కడిగి, ఆరబెట్టి, గుర్తుపెట్టుకుని వీధి దాకా తెచ్చిన వస్తువు. అయితే ఈ నివేదిక నన్ను ఒక విషయంలో సరిదిద్దింది. కేంద్రం చూసి వచ్చిన తొలి వారాల్లో, ఎలాగూ పోతుంది కదా అని నేను గాజును చెత్తలో వేయడం మొదలుపెట్టాను. ఆ పని 76 శాతంలో చేరడమేనని గ్రహించి మానేశాను. 40 శాతం దక్కే దారి, ఏమీ దక్కని దారి కన్నా మేలే.

సేకరణకు ఐదింటికి నాలుగున్నర నక్షత్రాలు ఇస్తాను. కేంద్రంలోని యంత్రాలకు, ముఖ్యంగా దుమ్ములో, చప్పుడులో నిలబడి నిమిషానికి పదుల కొద్దీ వస్తువులు ఏరే కార్మికుల పనికి నాలుగు. గాజుకు ఒకటి. నివాసులకు ఇచ్చే సమాచారానికి ఒకటిన్నర, ఆ సగం కూడా లోపలికి రానిచ్చి చూపించినందుకు. ఇదే సేవ మీ ఊళ్లోనూ ఉంటే తప్పక వాడండి. కవర్లో కట్టకుండా విడిగా వేయండి, డబ్బాలను తొక్కకండి, ప్లాస్టిక్ సీసాలకు మూతలు బిగించే వేయండి, ఎందుకంటే విడిగా వేసిన మూత గాజు కసవులోకి రాలిపోతుంది. బ్యాటరీలను ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకండి. లిథియం బ్యాటరీ నలిగితే మంట పుడుతుంది, ఆ కేంద్రాల్లో అగ్నిప్రమాదాలకు అదొక ముఖ్య కారణం.

మా నగరానికి, ఈ సంస్థకు మధ్యనున్న ఒప్పందం వచ్చే ఏడాది ముగుస్తుంది. కొత్త ఒప్పందంలో రెసిడ్యూను ఏడాదికి రెండుసార్లు విప్పి చూసి, రాకూడనిది ఎంత, దారి తప్పిన మంచి సరుకు ఎంత అని విడివిడిగా ప్రకటించాలని, బేళ్ల నాణ్యతను కూడా పక్కనే చెప్పాలని నగరపాలక సంస్థకు ఉత్తరం రాశాను. దాని మీద బహిరంగ సమావేశం పెట్టిన రోజున వెళ్తాను. ఊదారంగు తొట్టి ఒకటి మా కిరాణా దుకాణం ముందు పెట్టడానికి ఎంత ఖర్చవుతుందని అక్కడ మొదట అడుగుతాను.